చెంప ఆనిన చోటు

బ్రూక్‌ఫీల్డ్, బెంగళూరు
12 జూలై 2001

భాగీరథత్తకు నమస్కారాలు.

ఇక్కడ నేను, మమత, పాప కులాసా. నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? కుప్పంలో నీకు దొరికిన ఆ నాటువైద్యుడి తైలం పనిచేస్తోందా, లేక వాసన ఒక్కటే మిగిలిందా?

అసలు సంగతికి వస్తాను. తాత రైఫిల్ ఇంటికి వచ్చింది! నాన్న పోయి రెండేళ్ళయింది కదా. లైసెన్సు నా పేరు మీదికి మారేదాకా అది తుపాకుల దుకాణంలో డిపాజిట్‌లో పడి ఉంది. నేను ఎక్కని ఆఫీసు మెట్టు లేదు. మొన్న దాన్ని దుప్పట్లో చుట్టి ఆటోలో తెచ్చాను. మమత చూసి, "పామును తెచ్చినట్టు అంత దూరంగా పట్టుకుని తెస్తాండావేమప్పా" అని నవ్వింది.

నిజం చెప్పాలంటే చూడగానే నా ప్రాణం ఉసూరుమంది. ఇనుప గొట్టం మీద తుప్పు మచ్చలు. భుజానికి ఆనించే కొయ్య ఉంది చూడు, అది పసుపూ కుంకుమా నూనే కలిసి అట్టకట్టి నల్లబడిపోయింది. ఎన్ని ఆయుధపూజల జిడ్డో! పైగా కొయ్యకు కుడివైపు అరచేతిలో సగమంత మేర గుంట పడింది. ఎవరో గోడకు ఆనించి ఆనించి అరగదీసినట్టున్నారు. సిటీలో తుపాకులు బాగుచేసే ఒక ముసలి మేస్త్రీ ఉన్నాడు. కొయ్యను ఉప్పుకాగితంతో గీకి, గుంటను రంపపు పొట్టూ లక్కా కలిపి పూడ్చి, అద్దంలా పాలిష్ చేస్తానన్నాడు. హాల్లో తాళం వేసే అద్దాల బీరువా చేయిస్తున్నాను. గుంట పూడ్చిన చోట ఇత్తడి రేకు కొట్టించి 'గురి తప్పని నరసింహప్ప' అని చెక్కిస్తాను. ఎలా ఉంది?

నాన్న ఎన్నిసార్లు చెప్పేవాడో. అడవి అంచున రాగి చేను, సందె వేళ మంచె మీద తాత, మనిషి మొహం మనిషికి కనపడని మసకలో కూడా ఒక్క తూటా వృథా పోయేది కాదట. ఆనేకల్ చుట్టుపక్కల ఇప్పటికీ ముసలివాళ్ళు 'తుపాకి నరసింహప్ప మనవడా' అని నన్ను కూర్చోబెట్టి కాఫీ ఇస్తారు. అలాంటి మనిషి చేతిలోని వస్తువు ఇలా జిడ్డోడుతూ ఉండటం నాకు నచ్చలేదు.

ఇంకొక మాట. కళ్యాణి యూకేజీలో చేరింది. పెన్సిల్ ఎడమచేత్తోనే పడుతుంది. టీచరమ్మ డైరీలో ఎర్రసిరాతో రాసి పంపింది. మానిపించాలని మమత, ఎందుకులే అని నేను. పెద్దదానివి, నువ్వేమంటావు?

నీ మేనల్లుడు
నాగేంద్ర

కుప్పం
20 జూలై 2001

చిరంజీవి నాగేంద్రకు మీ భాగీరథత్త దీవెనలు.

నీ ఉత్తరం కొత్త కళ్ళజోడు పెట్టుకుని నేనే చదువుకున్నాను. ప్రసాద్ చదివి పెడతానన్నాడు గానీ, నా కొడుకు ఉత్తరం చదివితే రైలు బోగీలు లెక్కపెట్టినట్టుంటుంది. ఒక్కటీ మనసుకు ఎక్కదు. తైలం వాసన పోయింది, నొప్పి ఉంది.

తుపాకి మన ఇంటికి వచ్చినందుకు సంతోషం. నీకు అది రైఫిల్, నాకు తుపాకే. కానీ పాలిష్ వద్దు నాయనా. పూజలందుకున్న ఆయుధాన్ని గీకరాదు. అది శాస్త్రం. తుప్పు మచ్చలు కావాలంటే నూనెగుడ్డతో తుడుచుకో. కొయ్య జోలికి మాత్రం పోవద్దు. గుంట ఉంటే ఉండనీ, నీ అన్నంలో రాయేమీ కాదు కదా. రేకులూ మేకులూ అసలే వద్దు.

పాప సంగతి. మానిపించండి. ఆడపిల్ల, రేపు పదిమందికి వడ్డించాల్సిన చెయ్యి. నాకూ చిన్నప్పుడు ఆ పాడు అలవాటే ఉండేది. మా అమ్మ పసుపుకొమ్ము కాల్చి ఎడమ మణికట్టు మీద వాత పెట్టింది. మచ్చ ఇప్పటికీ ఉంది, గాజుల కింద దాక్కుంటుంది. ఆ దెబ్బకు కుడిచేత్తో అన్నం తినడం, కుడిచేత్తో రాయడం అన్నీ వచ్చేశాయి. ఈ ఉత్తరం ఆ చేత్తోనే రాస్తున్నాను. వాత పెట్టమని చెప్పను, ఈ కాలంలో పోలీసులు వస్తారు. రాసేటప్పుడు చేతికి గుడ్డ కట్టండి చాలు.

మా అమ్మాయి ఆశను చేసుకోమంటే కాదని మమతను చేసుకున్నావు, అయినా మమత మంచి పిల్లే. అడిగానని చెప్పు.

మీ అత్త
భాగీరథమ్మ

బ్రూక్‌ఫీల్డ్
5 ఆగస్టు 2001

భాగీరథత్తకు,

ఉత్తరం అందింది. మా వీధి చివర గుడి పూజారిని నీ శాస్త్రం గురించి అడిగాను. ఆయన, "పాలిష్ చేయకూడదని నేను యాడా చదవలేదప్పా. ఆయుధం తుప్పు పట్టకుండా చూసుకునేదే సగం పూజ" అన్నాడు. బెళ్ళందూరులో మా ఫ్యాక్టరీ మిషన్లకు నలభై ఏళ్ళుగా ఆయుధపూజ చేస్తున్నారు. ఏటా పూజకు ముందు వాటిని గీకి రంగు వేస్తారు. ఏ మిషనూ శపించలేదు.

అందుకే అడుగుతున్నాను, వేరే కారణం ఏదైనా ఉందా? ప్రసాద్‌కు రైఫిల్ మీద మనసు ఉంటే మీరు నేరుగా చెప్పండి. తాత ఆస్తిలో మీకూ హక్కు ఉంది. భూమి అమ్మినప్పుడు మీరు ఒక్క మాట మాట్లాడకుండా సంతకం పెట్టారు. ఆ మాట నాన్న పోయేదాకా చెప్పుకున్నాడు. ఇప్పుడు ఈ వస్తువు దగ్గర శాస్త్రాలు చెబుతున్నారంటే నాకు అర్థం కావడం లేదు.

పాప చేతికి గుడ్డ కడుతున్నాము. కుడిచేత్తో రాస్తోంది. బొమ్మలు వేయడం మాత్రం మానేసింది.

నాగేంద్ర

కుప్పం
14 ఆగస్టు 2001

నాగేంద్రకు,

పుట్టినప్పటి నుంచి 'నువ్వు' అన్నవాడివి, ఈ ఉత్తరంలో 'మీరు' అన్నావు. చెంపదెబ్బ కొట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

ప్రసాద్‌కు తుపాకి ఎందుకు? వాడు బొద్దింకను చూసి మంచం ఎక్కుతాడు. నాకు హక్కు ఉందంటున్నావు. మన ఇంట్లో ఆడవాళ్ళు ఆ తుపాకిని ముట్టరాదు. మహర్నవమి నాడు మగవాళ్ళు లోపల పసుపూ కుంకుమా పెడుతుంటే, మేము గడప ఇవతల హారతి పళ్ళెం పట్టుకుని నిలబడేవాళ్ళం. నా హక్కు ఆ గడప దాకే.

నిజంగా అడుగుతున్నాను, అమ్మేయడానికేనా ఈ సింగారమంతా? బెంగళూరులో పాత సామాన్లకు పాలిష్ పట్టేది అమ్మడానికే అంటాడు ప్రసాద్. అలాగైతే నాతో చెప్పి అమ్ము. నేను ఏడ్చేది ఏడ్చి ఊరుకుంటాను.

నీ వస్తువు, నీ లైసెన్సు, నీ ఇష్టం. గీక్కో, పూడ్చుకో, రేకు కొట్టుకో. నేను ఇక ఒక్క మాట రాయను.

భాగీరథమ్మ

బ్రూక్‌ఫీల్డ్
16 సెప్టెంబరు 2001

అత్తా,

నెల రోజులు కోపంతో రాయలేదు. నేను తాత తుపాకిని అమ్ముకునేవాడినా? ఆ కోపంలోనే పోయిన సోమవారం దాన్ని మేస్త్రీకి ఇచ్చేశాను. మొదట అది చెబుతున్నాను, తిట్టాలంటే తిట్టు.

నిన్న శనివారం ఆయన ఫ్యాక్టరీకి ఫోన్ చేసి, "వెంటనే రాప్పా" అన్నాడు. ఏం విరిగిందో అని పరుగెత్తాను. కొయ్యకు ఎడమవైపు పని అయిపోయింది. జిడ్డు పోయి, లక్క పట్టి, తేనె రంగులో మెరుస్తోంది. కుడివైపు తిప్పి చూపించాడు. అటు జిడ్డు మాత్రం తుడిచాడు, ఉప్పుకాగితం తగలనివ్వలేదు. ఆయన మాటలు ఆయన చెప్పినట్టే రాస్తున్నాను.

"ఈ గుంట అరిగింది కాదప్పా. ఎవురో కావాలని బాడిశతో చెక్కినారు. చెక్కి, గాజుపెంకుతో గీకి నున్నగా చేసినారు. చెంప ఆనేదానికి. కుడి భుజం మనిషికి చెంప కొయ్యకు ఎడమపక్క ఆనుతాది. ఇది కుడిపక్క ఉండాది. అంటే కాల్చింది ఎడమచేతి మనిషి."

తరువాత నన్నే పెట్టుకుని చూడమన్నాడు. ఎడమ భుజానికి ఆనించి తల వంచాను. నా దవడ ఎముక గుంట బయటే ఆగిపోయింది. మేస్త్రీ నవ్వలేదు. "నీ మొగం పెద్దది. ఇది చిన్న మొగానికి చెక్కింది. ఆడబిడ్డ మొగం. నలభై ఏండ్లుగా తుపాకులు చూస్తాండాను, ఒక మొగం కోసం ఇంత పానం పెట్టి చెక్కిన కొయ్యను నేను చూడలేదు. దీన్ని నా చేత్తో పూడ్చను. నువ్వు పూడ్చుకుంటానంటే వేరే యాడికైనా తీసుకుపో" అన్నాడు.

దుకాణంలో ఉన్న స్టూలు మీద కూర్చుండిపోయాను. తాత ఫోటో ఒకటే ఉంది కదా మన దగ్గర, అందులో తుపాకి కుడి భుజానికి ఉంది. నాన్న కుడిచేతి మనిషి. ఇంటికి వచ్చి నీ జూలై ఉత్తరం తీసి మళ్ళీ చదివాను, పసుపుకొమ్ము వాత దగ్గర ఆగిపోయాను.

అత్తా, ఆ గుంటలో ఆనింది ఎవరి చెంప?

నాగేంద్ర

కుప్పం
25 సెప్టెంబరు 2001

చిరంజీవి నాగేంద్రకు,

నీ ఉత్తరం వచ్చి నాలుగు రోజులు దాటింది. బియ్యం డబ్బాలో పెట్టి, తీసి చదివి, మళ్ళీ పెడుతూ వచ్చాను. నలభై అయిదేళ్ళు దాచిన మాట నోట్లోంచి రావడానికి సిగ్గుపడుతోంది.

నాదే.

మా నాయనకు రేచీకటి. పొద్దు గుంకితే ఆయనకు గొడ్డూ మనిషీ ఒక్కటే. ఈ సంగతి మా అమ్మకు తెలుసు, నాకు తెలుసు, ఊళ్ళో ఎవరికీ తెలియదు. తెలిస్తే తుపాకి లైసెన్సు ఉంటుందా? తుపాకి లేకపోతే అడవి పక్కన రాగి చేను ఉంటుందా? ఆ చేనే మాకు ఏడాది తిండి. మీ నాన్న అప్పటికి ఆరేళ్ళ పిల్లాడు. అందుకని సందెకు ఆయనను చెయ్యి పట్టుకుని మంచె దాకా తీసుకుపోయే పని నాది. నాకు పదిహేనేళ్ళు.

ఒకనాడు పందులు పడ్డాయి. ఆయన చప్పుడు విని కాల్చాడు. తూటా పక్క చేను కాపలా మనిషి తలపాగాకు జానెడు దూరంలో పోయింది. మరునాడు మళ్ళీ పందులు వచ్చాయి. ఆయన తుపాకి ఎత్తలేదు, ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నేనే తీసుకున్నాను. తెలియకుండానే ఎడమ భుజానికి పోయింది. అన్నం తినే చేతికీ, రాసే చేతికీ మా అమ్మ మానిపించింది. తుపాకి పట్టే చేతికి మానిపించలేదు. ఆడపిల్లకు అలాంటి చెయ్యి ఒకటి ఉంటుందని ఆమె అనుకోలేదు పాపం. ఆ మొదటి దెబ్బకే ఒక పంది పడింది. కొయ్య తన్ని నా చెంప వాచింది. పంటినొప్పి అని మా అమ్మతో అబద్ధం చెప్పాను.

మా నాయన పొద్దున్నే నన్ను గొడ్ల కొట్టంలో కూర్చోబెట్టాడు. తుపాకి నా భుజానికి ఆనించి, చెంప ఆనే చోట బొగ్గుతో గీత గీశాడు. మూడు రోజులు చెక్కాడు. కాస్త చెక్కడం, నన్ను పిలిచి చెంప పెట్టమనడం, మళ్ళీ చెక్కడం. చివర గాజుపెంకుతో గీకి, నూనె రాసి, "ఇప్పుడు నొప్పుండదులే" అన్నాడు. అంతే. మా అమ్మ వాత పెట్టిన చేతి కోసం మా నాయన కొయ్య చెక్కాడు. ఇద్దరూ నా మంచికే చేశారు నాగేంద్రా, అది నాకు ఇప్పుడు తెలుస్తోంది.

అలా మూడు పంటలు కాశాము. ఆయనకు కళ్ళు లేవు గానీ చెవులున్నాయి. కుందేలు నడిచినా ఎటు పోతోందో చెప్పేవాడు. నా వీపు మీద చెయ్యి వేసి కూర్చునేవాడు. కుడివైపు తడితే అటు, ఎడమవైపు తడితే ఇటు, రెండుసార్లు తడితే కాల్చమని. చూసేది ఆయన చెవులు, కాల్చేది నా వేలు. కాబట్టి గురి నాదొక్కదానిదే అని కూడా అనలేను.

ఒక్క సంగతి చెబుతాను, ఇది నేను మీ మామకు కూడా చెప్పలేదు. మూడో ఏడు, కంకులు బరువెక్కి వాలిన కాలం. పశ్చిమాన ఇంకా ఎర్రగానే ఉంది. నా వీపు మీద ఆయన చెయ్యి బిగుసుకుంది. "పెద్దాయన" అన్నాడు. చేనులో ఏనుగును పేరుపెట్టి అనరాదు. నేను చూశాను. ఒంటి దంతం. అడవి నుంచి విడివడి కొండ ఒకటి నడిచి వస్తున్నట్టు వచ్చింది. అంత ఒళ్ళు, ఒక్క చప్పుడు లేదు. మంచెకు ఇరవై అడుగుల్లో ఆగి నన్ను చూసింది. నా చెంప గుంటలోనే ఉంది. వేలు సిద్ధంగా ఉంది, ఆకాశంలోకి ఒకటి పేలిస్తే పోతుంది. ఆయన తట్టడం కోసం చూస్తున్నాను. తట్టలేదు. తిరిగి చూస్తే రెండు చేతులూ జోడించి ఉన్నాడు, కళ్ళ వెంట నీళ్ళు.

"దించమ్మా. తిననీ. ఎట్లుండాడో నాకు చెప్పు తల్లీ" అన్నాడు.

చేను పక్కన బతికిన మనిషి, పెద్దాయన తన చేనుకు వచ్చే వేళకు ఒక్కసారీ చూడలేకపోయినవాడు. నేను చెప్పాను. చెవులు చేటలంత ఉన్నాయని, నుదుటి మీద మట్టి చల్లుకున్నాడని, కంకిని వేరుతో పెరికి మోకాలికి కొట్టి మన్ను దులుపుకుని తింటున్నాడని. మన్ను దులపడం విని ఆయన చిన్నపిల్లాడిలా నవ్వాడు. పావు ఎకరా పోయింది. మరునాడు మా అమ్మ తిట్టింది. ఆయన ఆ రోజంతా నవ్వుతూనే ఉన్నాడు.

తరువాత నాకు పెళ్ళయింది. ఆ ఏడే ఆయన చేను వేరేవాళ్ళకు కోరుకిచ్చి మంచె దిగాడు. వయసైపోయిందన్నాడు. నలభై ఆరేళ్ళకు ఎవరికి వయసైపోతుంది? ఊళ్ళో ఎవరైనా గురి గురించి పొగిడితే తల దించుకునేవాడు. వినయం అనుకున్నారు. నేను చెబితే ఆయన పరువు పోతుంది, ఆయన చెబితే నా పెళ్ళి పోతుంది. ఇద్దరం ఒకరి కోసం ఒకరం నోరు మూసుకున్నాము.

శాస్త్రమని నీతో అబద్ధమాడాను. నేను ఈ లోకంలో ఒక పని గొప్పగా చేశానంటే దానికి గుర్తు ఆ గుంట ఒక్కటే. దాన్ని నువ్వు లక్కతో పూడ్చి పైన వేరే పేరు కొడతానంటే, ఎందుకు వద్దో చెప్పలేకపోయాను. ఎడమవైపు గీకితే గీకారులే, అది అందరిదీ.

భాగీరథత్త

బ్రూక్‌ఫీల్డ్
7 అక్టోబరు 2001

అత్తా,

నీ ఉత్తరం మమతకు చదివి వినిపిస్తూ మధ్యలో కాగితాలు తనకే ఇచ్చేశాను. మిగతాది మమత చదివింది. చదివి, లేచి వెళ్ళి, పాప స్కూలు సంచిలోంచి ఆ గుడ్డపేలిక తీసి పొయ్యిలో పెట్టింది.

అబద్ధాలు చెప్పానని నువ్వంటున్నావు. నేను నీ మీద హక్కులూ ఆస్తులూ అని రాతలు రాశాను. నన్ను క్షమించు.

పోయిన ఆదివారం మన చేను చూడటానికి ముగ్గురం వెళ్ళాము. అక్కడ ఇప్పుడు నీలగిరి తోపు. మంచె ఎక్కడుండేదో తెలియలేదు. అయినా అడవి వైపు తిరిగి చాలాసేపు నిలబడ్డాను. పదిహేడేళ్ళ పిల్ల, పక్కన చీకట్లో చేతులు జోడించిన తండ్రి, ఎదుట అంతటి జీవం. ఇన్నేళ్ళు నేను బీరువాలో పెట్టాలనుకున్నది ఒక తుపాకిని. అదేమిటో నాకు తెలియనే తెలియదు.

మేస్త్రీ దగ్గర నుంచి తెచ్చేశాను. ఎడమవైపు అద్దం, కుడివైపు నీ కాలం. అలాగే ఉంటుంది. చూసినవాళ్ళు పని సగంలో ఆపేశారేమని అడిగితే, కూర్చోబెట్టి చెబుతాను. నువ్వు ఒప్పుకుంటేనే.

ఒకటి రాయాలి. నిన్న తూటా లేదని రెండుసార్లు చూసుకుని, బరువు నేను మోస్తూ తుపాకిని కళ్యాణికి అందించాను. ఏ భుజమో నేను చెప్పలేదు. అది ఎడమ భుజానికి ఆనించుకుని, తల వంచి, చెంప గుంటలో పెట్టింది. ఇంకా కొంచెం చోటు మిగిలింది. "ఇది నాదేనా నాయనా?" అంది.

మహర్నవమికి నువ్వు రావాలి. ఈసారి గడప లోపల. మొదటి బొట్టు నువ్వే పెట్టాలి, నీకు ఏ చెయ్యి వస్తే ఆ చేత్తో. రేకు మీద తాత పేరు పక్కన నీ పేరు చెక్కిస్తానంటే ఒప్పుకుంటావా?

నీ
నాగేంద్ర

కుప్పం
17 అక్టోబరు 2001

నాగేంద్రకు,

వస్తాను. ప్రసాద్ రైలు టికెట్టు తెచ్చాడు. మమతతో చెప్పు, నాకు కాఫీలో చక్కెర వద్దు.

రేకు వద్దు. మేకులు గుంటలోకి దిగుతాయి. మా నాయన పేరు ఊళ్ళో ఎలా ఉందో అలాగే ఉండనీ. నీకు తెలిసింది, పాపకు నువ్వు చెబుతావు. నాకు అది చాలు.

బొట్టు ఏ చేత్తో పెట్టాలో నిన్నటిదాకా తేలలేదు. అందుకని ముందు ఈ ఉత్తరం రాసి చూశాను. అక్షరాలు తాగినవాడి నడకలా ఉన్నాయి కదా. ఎడమచేత్తో రాశాను. అరవై మూడేళ్ళు నాకు, వాత పడ్డాక ఇదే మొదటిసారి. ఈ నాలుగు ముక్కలకు రెండు రోజులు పట్టింది.

కళ్యాణికి చూపించు. "అవ్వ ఇప్పుడే నేర్చుకుంటాండాది, నవ్వొద్దు" అని చెప్పు.

భాగీరథమ్మ